నక్షత్రాన్ని పక్కనపెట్టి గ్రహాన్ని చదవలేం

సౌరకుటుంబం వెలుపల కొత్త గ్రహం దొరికిందన్న వార్త వచ్చినప్పుడల్లా దాని వెంట ఒక నమ్మకం కూడా ఊరేగుతోంది. గ్రహమే అసలు సంగతి, అది తిరిగే నక్షత్రం కేవలం నేపథ్యం అన్నది ఆ నమ్మకం. నక్షత్రం ముఖం మీది మచ్చలూ మరకలూ కొలతలో కలిసే రొద మాత్రమేననీ, టెలిస్కోపు పెద్దదై, పరికరం పదునై, సాఫ్ట్‌వేర్ తెలివిమీరితే ఆ రొద దానంతట అదే తొలగిపోతుందనీ చెబుతారు. పత్రికల సైన్స్ పేజీల్లోనూ, యూట్యూబ్ ప్రసంగాల్లోనూ, కాలేజీ కుర్రవాళ్ళ మాటల్లోనూ ఇదే వినబడుతుంది. దీనికి జంటగా ఇంకో మాట ఉంది: సూర్యుణ్ణి చదవడం పాతతరం పని, రేపటి ఖగోళశాస్త్రమంతా గ్రహాలదే అని. ఈ రెండు మాటలూ తప్పు. ఎందుకు తప్పో వివరంగా చెప్పవలసిన అవసరం ఉంది. ఎందుకంటే ఏ విద్యార్థి ఏం చదవాలి, ఏ ప్రభుత్వం దేనికి డబ్బు ఇవ్వాలి అన్న నిర్ణయాలు ఇలాంటి నమ్మకాల మీదే జరిగిపోతున్నాయి.

ఈ మాట యలహంకలో ఉండి రాస్తున్నాను. బెంగళూరుకు ఉత్తరాన ఉన్న ఈ ఊరు యంత్రాన్ని గౌరవించే ఊరు. ఇక్కడి వైమానిక స్థావరంలోనే రెండేళ్ళకోసారి ఏరో ఇండియా ప్రదర్శన జరుగుతుంది. 1984 నుంచి ఇక్కడి కర్మాగారంలో రైలు చక్రాలు తయారవుతున్నాయి. మంచి యంత్రం ఉంటే ఏ సమస్యనైనా గెలవవచ్చన్న ధీమా ఇలాంటి చోట సహజంగానే బలపడుతుంది. అయితే ఇదే యలహంక నుంచి హిందూపురం, పెనుకొండ వైపు వెళ్ళే రైలు దొడ్డబళ్ళాపూర్ దాటి గౌరిబిదనూరు మీదుగా పోతుంది. పండగలకు సొంతూళ్ళకు వెళ్ళే తెలుగు కుటుంబాలు ఎన్నో ఈ దారినే వెళతాయి. ఆ గౌరిబిదనూరు దగ్గరే భారత ఖగోళ భౌతిక సంస్థవారి రేడియో హీలియోగ్రాఫ్ 1997 నుంచి సూర్యుడి బయటి పొర అయిన కరోనాను చూస్తోంది. గ్రహాల వేటకూ ఇలా ఏళ్ళ తరబడి సూర్యుణ్ణి కనిపెట్టుకుని ఉండడానికీ సంబంధమేమిటని అడిగేవారికి నా జవాబు ఒక్కటే: ఈ రెండో పని లేకపోతే మొదటిది నిలబడదు.

ముందుగా మూల విషయం. నేరుగా ఫొటోకు చిక్కిన కొద్ది గ్రహాలను మినహాయిస్తే, సౌరేతర గ్రహాలను మనం చూడడం లేదు. చూస్తున్నది నక్షత్రాన్నే. గ్రహం నక్షత్రానికి అడ్డంగా వచ్చినప్పుడు వెలుగు కాస్త తగ్గుతుంది. దీన్ని ట్రాన్సిట్ అంటారు. సూర్యుడికి గురుగ్రహం అడ్డం వస్తే దూరాన ఉన్న పరిశీలకుడికి వెలుగు నూటికి ఒక వంతు తగ్గుతుంది. భూమి అడ్డం వస్తే పది లక్షల్లో 84 వంతులే తగ్గుతుంది. ఇక రెండో పద్ధతి గ్రహం లాగుడుకు నక్షత్రం ముందుకూ వెనక్కూ ఊగడం. ఆ ఊపును వర్ణపట రేఖల జరుగుదలలో డాప్లర్ సూత్రంతో కొలుస్తారు. మొదటి పద్ధతిలో తెలిసేది గ్రహం నక్షత్రంలో ఎన్నో వంతు వెడల్పు ఉందన్నది. రెండో పద్ధతిలో గ్రహం బరువు తేలాలంటే నక్షత్రం బరువు ముందే తెలిసి ఉండాలి. అంటే నక్షత్రమే ఇక్కడ తూకం రాయి. రాయి తప్పయితే త్రాసు ఎంత మంచిదైనా సరుకు బరువు తప్పే.

ఇది ఊహ కాదనడానికి 2017లో జరిగిన ఒక పరిశోధన చాలు. అప్పటికే కెప్లర్ అంతరిక్ష టెలిస్కోపు వేలాది గ్రహాల ట్రాన్సిట్లను నమోదు చేసింది. కాలిఫోర్నియా శాస్త్రజ్ఞుల బృందం ఒకటి ఆ గ్రహాలున్న నక్షత్రాల్లో వెయ్యికి పైగా తీసుకుని, హవాయిలోని కెక్ టెలిస్కోపుతో వాటి వర్ణపటాలను జాగ్రత్తగా మళ్ళీ తీసింది. గ్రహాల గురించి కొత్త సమాచారం ఏమీ రాలేదు. నక్షత్రాల వ్యాసార్థాలు మాత్రం మునుపటికంటే కచ్చితంగా తేలాయి. వెంటనే అంతకుముందు స్పష్టంగా కనబడని ఒక చిత్రం బయటపడింది. భూమికి ఒకటిన్నర నుంచి రెండు రెట్ల వెడల్పు ఉన్న గ్రహాలు మిగతావాటితో పోలిస్తే తక్కువ. దానికి దిగువన రాతి గ్రహాల గుంపు, ఎగువన వాయువు కప్పుకున్న గ్రహాల గుంపు, మధ్యలో ఖాళీ. గ్రహాల పుట్టుక గురించి ఇటీవలి కాలంలో తెలిసిన అతిముఖ్యమైన విషయాల్లో ఇదొకటి. దాన్ని తెచ్చిపెట్టినది కొత్త గ్రహం కాదు, నక్షత్రాన్ని సరిగ్గా చదవడం.

ఇప్పుడు నక్షత్రం ముఖం సంగతికి వద్దాం. దగ్గరగా చూడగలిగిన నక్షత్రం మనకు ఒక్కటే ఉంది, సూర్యుడు. ఆయన ఉపరితలం నున్నటి బంతి కాదు. వెయ్యి కిలోమీటర్ల వెడల్పున వేడి వాయువు పైకి ఉబికి, చల్లబడి, అంచుల నుంచి కిందికి దిగుతూ ఉంటుంది. ఒక్కో ఉబుకు ఆయుష్షు సుమారు పది నిమిషాలే. పైకి వచ్చే భాగం వేడిగా, ఎక్కువ వెలుగుతో ఉంటుంది. కిందికి దిగే అంచులు మసకగా ఉంటాయి. అందువల్ల మొత్తం కాంతిలో పైకి, అంటే మనవైపు వచ్చే వాయువు వాటా ఎక్కువ. సూర్యుడు కదలకపోయినా ఆయన వర్ణపటం సెకనుకు సుమారు 300 మీటర్ల వేగంతో మనవైపు వస్తున్నట్టు చూపుతుంది. అయస్కాంత క్షేత్రం బలంగా ఉన్నచోట ఈ ఉబుకు అణగిపోతుంది. అలాంటి ప్రాంతం సూర్యుడి ముఖం మీదికి తిరిగి వచ్చినప్పుడు ఆ 300 మీటర్ల లెక్కలో తేడా వస్తుంది. దీనికి తోడు సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతున్నాడు కనుక ఒక అంచు మనవైపు వస్తుంటే రెండో అంచు దూరం జరుగుతుంటుంది. ఏ అంచు మీద నల్లమచ్చ పడితే ఆ అంచు కాంతి తగ్గి, వర్ణపట రేఖ ఆకారం వంకరపోతుంది. సూర్యుడి పదకొండేళ్ళ చక్రంలో ఇవన్నీ కలిసి తెచ్చే తేడా సెకనుకు కొన్ని మీటర్లు. భూమి సూర్యుణ్ణి ఊపే ఊపు మాత్రం సెకనుకు 9 సెంటీమీటర్లే. భూమివంటి గ్రహాన్ని వెదికేవారికి ఉన్న చిక్కంతా ఈ రెండు అంకెల్లోనే ఉంది.

పెద్ద టెలిస్కోపుతో ఈ చిక్కు తీరుతుందని కదా వాదన? తీరదనడానికి సూర్యుడే సాక్షి. 2015 నుంచి కానరీ దీవుల్లోని లా పాల్మాలో ఒక చిన్న సౌర టెలిస్కోపు పగటిపూట సూర్యకాంతిని హార్ప్స్-నార్త్ అనే స్పెక్ట్రోగ్రాఫ్‌లోకి పంపుతోంది. రాత్రిపూట అదే పరికరం గ్రహాలను వెదుకుతుంది. సూర్యుడి విషయంలో కాంతికి కొదవ లేదు. కొన్ని అంగుళాల కటకమే చాలు. అయినా అక్కడ నమోదయ్యే వేగం సెకనుకు మీటర్ల స్థాయిలో ఊగుతూనే ఉంది. కాంతి తక్కువై వచ్చిన దోషమైతే పెద్ద అద్దం దాన్ని సరిచేస్తుంది. నక్షత్రం ముఖమే మారడం వల్ల వచ్చిన తేడాను ముప్పై మీటర్ల అద్దం ఇంకా స్పష్టంగా చూపిస్తుందే తప్ప చెరపదు.

అంతరిక్షంలోకి వెళితే తప్పించుకోవచ్చా? కెప్లర్ అనుభవం దానికి జవాబు. 2009లో పంపిన ఆ టెలిస్కోపు ముఖ్య లక్ష్యం సూర్యుడివంటి నక్షత్రాల చుట్టూ భూమివంటి గ్రహాలెన్ని ఉన్నాయో లెక్కగట్టడం. మిషన్ గడువు మూడున్నరేళ్ళుగా నిర్ణయించినప్పుడు ఆ నక్షత్రాలు కూడా సూర్యుడంత నిలకడగా వెలుగుతాయని అనుకున్నారు. 2011లో వెలువడిన విశ్లేషణ ప్రకారం కొలతల్లో మొత్తం చలనం అనుకున్నదానికంటే సుమారు ఒకటిన్నర రెట్లు ఉంది. దానికి ముఖ్య కారణం పరికరం కాదు, నక్షత్రాలు. గడువు బాగా పొడిగిస్తే తప్ప లక్ష్యం అందదని తేలింది. పొడిగింపు దొరికింది కానీ 2013లో వ్యోమనౌక దిశను నిలిపే చక్రాలు చెడి ఆ దశ ముగిసిపోయింది. అందుకే భూమివంటి గ్రహాల సంఖ్య మీద ఇవాళ్టికీ గట్టి అంకె లేదు. ఆ కాలపు అత్యుత్తమ కాంతిమాపకం తన పని తాను చేసింది. తప్పినది నక్షత్రం గురించిన అంచనా.

ఇక రెండో వాదన సాఫ్ట్‌వేర్‌ది. గణితం నక్షత్రపు రొదనూ గ్రహపు సంకేతాన్నీ వేరుచేస్తుందంటారు. చరిత్ర ఏం చెబుతోందో చూడండి. హెచ్‌డీ 166435 అనే నక్షత్రంలో 3.8 రోజుల ఊపు కనబడింది. గ్రహమే అనిపించింది. 2001లో పరిశోధకులు వెలుగు మార్పులనూ, వర్ణపట రేఖల ఆకారాన్నీ కలిపి చూసి అది నక్షత్ర మచ్చల పని అని తేల్చారు. గ్లీజ్ 581 కథ ఇంకా పెద్దది. దాని చుట్టూ జీవయోగ్య మండలంలో ‘డి’, ‘జి’ అనే గ్రహాలున్నాయని ప్రకటించారు. 2010లో ‘జి’ ప్రకటన వెలువడినప్పుడు అది ప్రపంచమంతా పతాక వార్త. 2014లో ఆ నక్షత్రం సుమారు 130 రోజులకోసారి తన చుట్టూ తాను తిరుగుతోందనీ, ‘డి’ గ్రహానిదన్న 66 రోజుల కాలం సరిగ్గా అందులో సగమనీ, సంకేతం నక్షత్రపు అయస్కాంత చలనంతో కలిసి పెరుగుతూ తరుగుతూ ఉందనీ సైన్స్ పత్రికలో వచ్చిన వ్యాసం చూపింది. ‘డి’ పోతే ‘జి’కి ఆధారం లేదు. ఇవాళ్టి జాబితాల్లో ఆ నక్షత్రానికి మిగిలినవి మూడు గ్రహాలే.

అన్నిటికంటే గట్టి పాఠం మన పొరుగు నక్షత్రం నేర్పింది. 2012లో ఆల్ఫా సెంటారీ బి చుట్టూ భూమి బరువున్న గ్రహం దొరికిందని నేచర్ పత్రికలో వచ్చింది. కొలిచిన ఊపు సెకనుకు అర మీటరు. అప్పటి అత్యుత్తమ పరికరం, మేటి నిపుణులు, జాగ్రత్తైన గణితం, అన్నీ ఉన్నాయి. మూడేళ్ళ తర్వాత ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఒక సూటి పరీక్ష చేశారు. గ్రహమే లేని కృత్రిమ నక్షత్రాన్ని కంప్యూటర్‌లో సృష్టించి, అసలు పరిశీలన జరిగిన తేదీల్లోనే దాన్ని కొలిచినట్టు లెక్కవేశారు. అదే గ్రహం మళ్ళీ కనబడింది! నక్షత్రపు చలనమూ, పరిశీలనకు దొరికిన రాత్రుల క్రమమూ కలిసి ఆ గ్రహాన్ని పుట్టించాయన్నమాట. సాఫ్ట్‌వేర్‌కు నక్షత్రం తెలియదు, మనం నేర్పినంతే తెలుసు. ఎటైనా వంగే గణిత నమూనాను అడ్డూ అదుపూ లేకుండా వదిలితే అది లేని గ్రహాన్ని చూపగలదు, ఉన్న గ్రహాన్ని మింగనూ గలదు. ఈ నమూనాలు పనికిరావని నేను అనడం లేదు. చాలా ఉపయోగపడుతున్నాయి. అవి నమ్మదగినవయ్యేది నక్షత్రపు భ్రమణ కాలం, అయస్కాంత చలనాన్ని చూపే కాల్షియం రేఖల బలం, వర్ణపట రేఖల ఆకారం వంటి భౌతిక సాక్ష్యాలను చేతికిచ్చినప్పుడే. అంటే గణితం గెలిచిన ప్రతిచోటా వెనక నక్షత్ర పరిశీలన ఉంది.

మూడో వాదన, శాంతంగా ఉండే నక్షత్రాలనే ఎంచుకుందామని. మంచి సలహానే, కానీ సరిపోదు. మచ్చ ఒక్కటీ లేని రోజున కూడా సూర్యుడి మీద వాయువు ఉబకడం ఆగదు. ఆ ఉబుకులూ, వాటికంటే ఎంతో పెద్దవై రోజుకు పైగా నిలిచే ప్రవాహాలూ తెచ్చే తేడా ఒక్కటే భూమి ఊపుకంటే పెద్దది. పరారుణ కాంతిలో చూద్దామన్నది ఇంకో సలహా. చల్లని నక్షత్రాల్లో మచ్చకూ చుట్టుపక్కలకూ వెలుగు తేడా అక్కడ తగ్గుతుందన్నది నిజం. అయస్కాంత క్షేత్రం రేఖలను చీల్చే ప్రభావం మాత్రం తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ పెరుగుతుందన్నదీ అంతే నిజం.

పరారుణ కాంతి సమస్యను తీర్చలేదనడానికి ఆ కాంతిలోనే చూసే జేమ్స్ వెబ్ టెలిస్కోపే రుజువు. ఇప్పుడు ప్రజల ఆసక్తి అంతా గ్రహాల వాతావరణం మీద ఉంది: నీరుందా, జీవం ఉందా అని. ఆ కొలత ఇలా జరుగుతుంది. గ్రహం అడ్డం వచ్చినప్పుడు నక్షత్రకాంతిలో కొంత దాని వాతావరణం అంచు గుండా వస్తుంది. గ్రహం ముందున్నప్పటి వర్ణపటాన్ని లేనప్పటి వర్ణపటంతో పోలుస్తారు. ఇందులో దాగిన ఊహ ఒకటుంది. గ్రహం దాటిన సన్నటి దారి, నక్షత్రం మొత్తం ముఖం ఒకేలా ఉన్నాయన్న ఊహ. ఆ దారిలో మచ్చలు లేకుండా మిగతా ముఖం మీద ఉంటే, ఆ తేడా అంతా గ్రహం ఖాతాలో పడుతుంది. పైగా నీటి ఆవిరి గ్రహాల సొత్తు మాత్రమే కాదు. 1995లో మన సూర్యుడి మచ్చల వర్ణపటంలోనే నీటి అణువుల గుర్తులు పట్టుకున్నారు. సూర్యుడి కంటే ఎంతో చల్లనైన ఎర్ర మరుగుజ్జు నక్షత్రాల మచ్చల్లో నీటి ఆవిరి ఉండడంలో వింత లేదు.

2023లో సరిగ్గా ఈ ప్రశ్నే ఎదురైంది. 26 కాంతి సంవత్సరాల దూరంలోని గ్లీజ్ 486 బి అనే రాతి గ్రహాన్ని పరిశీలించిన వెబ్ బృందం నీటి ఆవిరిని సూచించే సంకేతాన్ని చూసింది. అది గ్రహానిదా, నక్షత్ర మచ్చలదా తేల్చలేమని ఆ బృందమే నిజాయితీగా రాసింది. మరుసటి ఏడాది, గ్రహం విడుదల చేసే వేడిని కొలిచిన వేరే పరిశీలన దానికి దట్టమైన వాతావరణం లేదని చూపింది. ఏడు గ్రహాలతో పేరుమోసిన ట్రాపిస్ట్-1లోనూ అంతే. అందులో అన్నిటికంటే లోపలి గ్రహానికి వెబ్ తీసిన వర్ణపటంలో 2023లో ముఖ్యంగా బయటపడ్డది నక్షత్రపు మచ్చల ముద్రే. ఏడు గ్రహాల్లో ఏదైనా జీవయోగ్యమా అన్న ప్రశ్న ఇప్పుడు ఆ చిన్న నక్షత్రం ముఖాన్ని ఎంత బాగా చదువుతామన్న దాని మీద ఆధారపడి ఉంది.

నక్షత్రం నేపథ్యమే అనేవారికి ఉన్న బలమైన వాదన ఒకటుంది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. ఇంత గొడవ లేకుండానే ఆరు వేలకు పైగా గ్రహాలు ధ్రువపడ్డాయి కదా, 1995లో 51 పెగసీ అనే సూర్యుడివంటి నక్షత్రం చుట్టూ, ఆ తరహా నక్షత్రాల్లో మొదటి గ్రహం దొరికినప్పుడు నక్షత్రపు మచ్చల గోల ఎవరు పట్టించుకున్నారు అంటారు. నిజానికి పట్టించుకున్నారు. 1997లో ఆ ఊపు గ్రహంవల్ల కాదు, నక్షత్రపు ఉపరితల కంపనంవల్ల కావచ్చని ఒక నిపుణుడు గట్టిగా ప్రశ్నించారు. వర్ణపట రేఖల ఆకారాన్ని ఇంకా నిశితంగా చూశాక, మరుసటి ఏడాది ఆ సందేహం తొలగింది. ఆ గ్రహం గ్రహంగా నిలిచింది నక్షత్రాన్ని విచారించాకే. పైగా అక్కడి ఊపు సెకనుకు యాభై మీటర్లకు పైనే. పెద్ద గ్రహాలకు సరిపోయిన నిర్లక్ష్యం చిన్న గ్రహాలకు సరిపోదు. తొలి విజయాలు తేలికైన పంట. మనం ఇప్పుడు అడుగుతున్నది సెకనుకు 9 సెంటీమీటర్లు, పది లక్షల్లో 84 వంతులు. ఈ గడప దగ్గర నక్షత్రమే అసలు పరీక్ష.

సూర్యుణ్ణి చదవడం పాత పని అన్న మాటకూ జవాబు చెప్పాలి. ఆ జవాబు మన నేల మీదే ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సన్ గుంటూరు వచ్చారు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలలను వర్ణపటంలో పట్టి, గ్రహణం లేని రోజుల్లోనూ వాటిని చూడవచ్చని ఇక్కడే గ్రహించారు. 1909లో కొడైకెనాల్‌లో జాన్ ఎవర్షెడ్ సూర్యమచ్చల్లో వాయువు బయటికి పారే తీరును కనుగొన్నారు. హైదరాబాదులోని నిజామియా వేధశాలలో పనిచేసిన తండ్రి చేతిమీదుగా ఆకాశాన్ని పరిచయం చేసుకున్న వైణు బప్పు, ఓలిన్ విల్సన్‌తో కలిసి 1957లో ఒక సూత్రాన్ని ప్రకటించారు. నక్షత్రపు వర్ణావరణంలో కాల్షియం కె రేఖ వెడల్పుకూ ఆ నక్షత్రం నిజ ప్రకాశానికీ ఉన్న సంబంధం అది. అదే కాల్షియం రేఖలతో విల్సన్ 1966లో వంద దాకా నక్షత్రాలను ఏళ్ళ తరబడి గమనించే పని మొదలుపెట్టి, సూర్యుడికిలాగే వాటిలో కొన్నింటికీ చక్రాలున్నాయని చూపారు. ఇవాళ నక్షత్రపు ఊపుతో గ్రహాలను వెదికే బృందాలు ముఖ్యంగా చూసే కొలతల్లో ఆ కాల్షియం రేఖలదొకటి. కొడైకెనాల్‌లో శతాబ్దానికి పైగా కాల్షియం కాంతిలో తీసిన సూర్యుడి చిత్రాలున్నాయి. ఒక నక్షత్రం ముఖం పదే పదే ఎలా మారుతుందో అంత పొడవునా చెప్పే దాఖలాలు ప్రపంచంలో బహు తక్కువ.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఆదిత్య-ఎల్1 ఈ దారిలో తాజా అడుగు. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ రూపొందించిన కరోనాగ్రాఫ్ అందులో ఉంది. పుణెలోని ఐయూకా పరిశోధన సంస్థ తయారుచేసిన సూట్ టెలిస్కోపు సూర్యుడి పూర్తి బింబాన్ని అతినీలలోహిత కాంతిలోనూ, కాల్షియం రేఖ దగ్గరా తీస్తోంది. సూర్యుణ్ణి ఒక నక్షత్రంలా చూసే లా పాల్మా కొలతలనూ, సూర్యుడి ముఖం మీద మచ్చ మచ్చనూ చూపే ఈ చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చదివితే ఏ మచ్చ ఎంత తేడా తెస్తోందో తెలుస్తుంది. భూమివంటి గ్రహాన్ని నిజంగా పట్టుకునే దారి ఇదే. అతిపెద్ద అద్దం మన దగ్గర లేదని చిన్నబుచ్చుకోవలసిన అవసరం లేదు. ఈ పనికి అవసరమైన దాఖలాలు, అనుభవం, పరికరాలు మన దగ్గర ఉన్నాయి.

కాబట్టి నా మాట ఇది. నక్షత్రం లెక్క చెప్పని గ్రహ ప్రకటన సగం ప్రకటనే. సైన్స్ పేజీల సంపాదకులు ‘మరో భూమి దొరికింది’ అన్న శీర్షిక పెట్టే ముందు మూడు ప్రశ్నలు అడగాలి. ఆ నక్షత్రం ఎన్ని రోజులకోసారి తిరుగుతుంది? దాని ముఖం మీద మచ్చలెన్ని? గ్రహం కాలానికీ నక్షత్ర భ్రమణానికీ పొంతన ఉందా? అధ్యాపకులు సౌరభౌతిక శాస్త్రాన్ని పాత పాఠంగా కాక గ్రహాల వేటకు తొలి పాఠంగా చెప్పాలి. నిధులిచ్చేవారు ఏళ్ళ తరబడి సాగే నక్షత్ర పరిశీలనను కొత్త టెలిస్కోపుతో సమానమైన పెట్టుబడిగా గుర్తించాలి. ఖగోళం చదవాలనుకుంటున్న తెలుగు విద్యార్థులకు, యలహంకలో ఉన్నా అనంతపురంలో ఉన్నా, చెప్పేది ఒక్కటే: గ్రహాలు కావాలంటే ముందు నక్షత్రాలను నేర్చుకోండి, సూర్యుడితో మొదలుపెట్టండి. ఇంకో భూమిని నమ్మకంగా చూపించేవారు నక్షత్రాన్ని క్షుణ్ణంగా చదివినవారే అవుతారు.